తెర ముందు టెన్షన్ తగ్గించడం ఎలా: ఇంటర్‌ఫేస్ తయారుచేసేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

ఆన్‌లైన్ ఫారం నింపుతూ చెమటలు పట్టినవాళ్లు సాధారణంగా తమనే తప్పుపట్టుకుంటారు. "నాకు కంప్యూటర్ సరిగ్గా రాదు సార్" అంటారు. వాళ్ల పక్కన కాసేపు కూర్చుని చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. పేజీ ఏం చేస్తోందో చెప్పదు, తప్పు ఎక్కడుందో చూపించదు, వెనక్కి పోనివ్వదు, పైగా గడియారం పెట్టి తరుముతుంది. ఈ నాలుగింటినీ ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించారు, లేదా నిర్ణయించకుండా వదిలేశారు. ఎలా వచ్చినా సరే, మార్చుకోవచ్చు.

ఇది వెబ్‌సైట్లు, యాప్‌లు తయారుచేసేవాళ్ల కోసం, ఆఫీసుకో కాలేజీకో సాఫ్ట్‌వేర్ కొనే బాధ్యత ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఏ మార్పూ చేసే అధికారం లేకుండా రోజంతా ఆ తెరల ముందే గడిపేవాళ్లకు చివర్లో కొన్ని ఉపాయాలు ఉన్నాయి. ఉదాహరణకు ఎక్కువగా ఒకే పేజీని పట్టుకుంటాను: ఒక ప్రవేశ పరీక్షకు ఆన్‌లైన్ దరఖాస్తు. పేరు, పుట్టినతేదీ, ఫోటో, సంతకం, ఫీజు, సబ్మిట్. మన దగ్గర ఇంటికొకరైనా ఇలాంటిది నింపే ఉంటారు.

1. ఒత్తిడి పుట్టేచోటు గుర్తుపట్టండి

ఒత్తిడి మీద పనిచేసిన రిచర్డ్ లాజరస్, సూసన్ ఫోక్‌మన్ 1984లో చెప్పిన మాట ఇక్కడ చాలా ఉపయోగం. పరిస్థితి ఎంత కష్టమన్న దానికంటే, దాన్ని నేను తట్టుకోగలనా అని మనిషి వేసుకునే అంచనాయే ఒత్తిడిని తేలుస్తుంది. అంతకు ముందే, 1979లో, రాబర్ట్ కారసెక్ ఉద్యోగాల గురించి దాదాపు ఇదే దారిలో చెప్పాడు. పని భారం ఎక్కువై, దాని మీద తన పట్టు తక్కువైనప్పుడు మనిషి నలిగిపోతాడు. తెర ముందు కూర్చున్నవాళ్ల విషయంలో ఈ రెండూ మూడు ప్రశ్నలుగా మారతాయి. ఇప్పుడు ఏం జరుగుతోంది? నా చేతిలో ఏముంది? ఎంత టైముంది? వీటిలో ఏ ఒక్కదానికి జవాబు దొరక్కపోయినా గుండె వేగం పెరుగుతుంది, అరచేతులు తడుస్తాయి, మెడా భుజాలూ బిగుసుకుంటాయి.

ఇవి ఊహలేం కావు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో రోజలిండ్ పికార్డ్ బృందం ఒక ప్రయోగం చేసింది, దాని ఫలితాలు 2002లో వెలువడ్డాయి. కంప్యూటర్‌లో ఒక ఆట ఆడిస్తూ, కావాలనే మౌస్ మధ్యమధ్యలో మొరాయించేలా చేశారు. ఆ సమయంలో చర్మపు విద్యుత్ వాహకత, రక్తప్రవాహంలో వచ్చే మార్పులు నమోదు చేశారు. మౌస్ మొరాయించినప్పుడు చాలామందిలో దాని జాడ ఒంట్లో కనబడింది. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో బెన్ ష్నైడర్మన్ తదితరులు 2004లో ప్రచురించిన పరిశీలనలో, కంప్యూటర్ ముందు గడిపే సమయంలో మూడోవంతు నుంచి సగం దాకా విసుగు పుట్టించే అవాంతరాలకే పోతోందని వాడేవాళ్లు నమోదు చేశారు. అప్పటికంటే ఇప్పుడు యంత్రాల వేగం పెరిగింది. కానీ ఆ మూడు ప్రశ్నలు అలాగే ఉన్నాయి.

చాలామంది ఈ పనిని రంగులతో మొదలుపెడతారు. నీలం ప్రశాంతంగా ఉంటుంది, ఎరుపు కంగారు పెడుతుంది అంటారు. నా అభిప్రాయంలో రంగు చివరి సంగతి. అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు వ్యత్యాసం (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండేలా చూసుకోండి. చూపు తక్కువైనవాళ్లు, వికలాంగులు కూడా వాడగలిగేలా పెట్టిన వెబ్ అందుబాటు ప్రమాణాలు మామూలు అక్షరాలకు అడిగేది అదే. ఆ తర్వాత రంగు సంగతి పక్కన పెట్టి, ఏం జరుగుతోందో చెప్పడం మీద శ్రమ పెట్టండి.

2. పక్కన కూర్చుని చూడండి, కొలవండి

మీ పేజీని నిజంగా వాడే మనుషులు నలుగురైదుగురిని పిలవండి. మీ టీములోవాళ్లు పనికిరారు, వాళ్లకు దారి ముందే తెలుసు. ఇంటర్ చదువుతున్న పిల్ల, ఆమె తండ్రి, ఒక నెట్ సెంటర్ నడిపే అబ్బాయి, కొత్తగా స్మార్ట్‌ఫోన్ పట్టిన పెద్దాయన, ఇలాంటివాళ్లు కావాలి. పని అప్పగించి నోరు మూసుకోండి. కష్టమైన భాగం అదే. వాళ్లు తడబడితే సాయం చేయాలని చేతులు దురద పెడతాయి, చేయకండి.

ఏం చూడాలి? ఒకే బటన్‌ను టకటకా మూడు నాలుగుసార్లు నొక్కడం. ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చుకోవడం. "నొక్కమంటారా?" అని మీ వైపు తిరిగి అడగడం. సబ్మిట్ ముందు వేలు గాల్లో ఆగిపోవడం. ఊపిరి బిగబట్టడం. ఆ క్షణానికి తెర మీద ఏముందో రాసుకోండి. కొందరు నోటితో ఏమీ అనరు కానీ వేళ్లు చెబుతాయి. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2014లో 24 మందికి కీలను ఎంత గట్టిగా నొక్కుతున్నారో కొలిచే కీబోర్డు ఇచ్చి చూస్తే, టెన్షన్‌లో ఉన్నప్పుడు వాళ్లలో ముప్పాతిక మందికి పైగా కీలను మరింత గట్టిగా నొక్కారు.

పని పూర్తయ్యాక అడగడానికి ఒక మంచి సాధనం ఉంది. నాసాలో శాండ్రా హార్ట్, లోవెల్ స్టేవ్‌లాండ్ తయారుచేసి 1988లో ప్రకటించిన ఆరు ప్రశ్నల పట్టిక అది. పైలట్ల పని భారం కొలవడానికి వాడతారు, దరఖాస్తు ఫారానికీ చక్కగా సరిపోతుంది. తెలుగులో ఇలా అడగవచ్చు:

- ఈ పనికి ఎంత ఆలోచించాల్సి వచ్చింది?
- చేతులకు, కళ్లకు ఎంత శ్రమ?
- టైము ఎంత తరిమింది?
- పని ఎంత బాగా అయిందనుకుంటున్నారు?
- దానికోసం ఎంత కష్టపడ్డారు?
- ఎంత చిరాకు, కంగారు కలిగాయి?

ఒక్కోదానికి 0 నుంచి 100 దాకా మార్కు వేయించండి. నాలుగోదాన్ని మాత్రం "చాలా బాగా అయింది" అంటే 0, "అసలు కాలేదు" అంటే 100 అయ్యేలా పెట్టి, ఆరింటి సగటు తీయండి. సగటు కంటే విడి మార్కులే ఎక్కువ చెబుతాయి. మూడోది పెద్దదైతే మీ సమస్య గడియారం. ఆరోది పెద్దదైతే ఎర్రర్ మెసేజ్‌ల దగ్గరో, ఎదురుచూపు దగ్గరో వెతకండి.

3. ఎదురుచూపుకు ఒక అంతు చూపించండి

రాబర్ట్ మిల్లర్ 1968లోనే కంప్యూటర్ స్పందన వేగం గురించి రాశాడు. జాకబ్ నీల్సన్ 1993లో ఆ హద్దులను అందరికీ గుర్తుండేలా మూడు అంకెల్లో పెట్టాడు. 0.1 సెకను లోపు స్పందిస్తే, పని నా వేలే చేసినట్టుంటుంది. 1 సెకను లోపైతే ఆలోచన తెగదు. 10 సెకన్లు దాటితే మనసు ఇంకోవైపు పోతుంది. పేజీ వేగం పెంచగలిగితే మొదట అదే చేయండి. కానీ బ్యాంకు సర్వర్ వేగం మీ చేతిలో ఉండదు, గ్రామంలో సిగ్నల్ మీ చేతిలో ఉండదు. మీ చేతిలో ఉన్నది, ఆ ఎదురుచూపు ఎలా కనబడాలన్నది.

బస్సు ఎప్పుడొస్తుందో తెలియని స్టాపులో పది నిమిషాలు నిలబడటం, "ఇంకో పది నిమిషాల్లో" అని బోర్డు చెబుతున్న స్టాపులో నిలబడటం ఒకటి కావు. ఊరికే తిరిగే చక్రం మొదటి స్టాపు. బ్రాడ్ మైయర్స్ 1985లోనే చూపించాడు, పని ఎంతవరకు అయిందో చూపే పట్టీ ఉంటే జనం దాన్నే ఇష్టపడతారని. కాబట్టి:

బటన్ నొక్కిన వెంటనే, 0.1 సెకను లోపు, దాని రూపు మారాలి. "సబ్మిట్" అన్నది "పంపుతున్నాం..." అయిపోయి, రెండోసారి నొక్కడానికి వీల్లేకుండా ఉండాలి. ఒకటి రెండు సెకన్లు దాటితే ఏ పని జరుగుతోందో మాటల్లో చెప్పండి: "ఫోటో ఎక్కుతోంది, 3లో 2వ భాగం". పది సెకన్లు దాటేట్టుంటే పేజీ మూసేసినా ఫరవాలేదో లేదో చెప్పండి. ఈ ఆఖరి మాటే అందరూ మర్చిపోతారు. ఫోన్ పక్కన పెట్టొచ్చా, కాల్ వస్తే ఎత్తొచ్చా అని జనం బిక్కుబిక్కుమంటూ ఆ తెరనే చూస్తూ కూర్చుంటారు.

ఇంకో మాట. పట్టీ 99 శాతం దగ్గర ఆగి నిలబడిపోతే, పట్టీ లేకపోవడం కంటే అది ఎక్కువ బాధపెడుతుంది. నిజంగా కొలవలేనప్పుడు శాతం చూపకండి, దశలు చూపండి.

4. డబ్బు కదిలేచోట నిజం చెప్పండి

ఏ నెట్ సెంటర్‌లోనైనా చివరి తేదీ నాడు వినబడే మాటలు ఇవి. "తమ్ముడూ, డబ్బులు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది, రసీదు రాలేదు. పోయినట్టేనా?" "పోవు బాబాయ్, ఆగు చూద్దాం. మళ్లీ కట్టకు." ఆ తమ్ముడు చెప్పిన మాట పేజీ చెప్పి ఉండాల్సింది.

సాధారణంగా పేజీలకు రెండే స్థితులు తెలుసు: సక్సెస్, ఫెయిల్. చెల్లింపుకు మూడోది ఉంది: ఇంకా తెలియదు. ఈ మూడోదాన్ని కొన్ని పేజీలు "ఫెయిల్" అనేస్తాయి, జనం రెండోసారి కడతారు. కొన్ని చక్రం తిప్పుతూ ఉండిపోతాయి, జనం రిఫ్రెష్ కొడతారు. తెలియనిదాన్ని తెలియదని చెప్పకపోతే ఎంత దూరం పోతుందో 1979 మార్చి 28న అమెరికాలో పెన్సిల్వేనియాలోని త్రీ మైల్ ఐలండ్ అణు కేంద్రంలో తేలింది. అక్కడ ఒక వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూములోని దీపం మాత్రం ఆరిపోయి ఉంది. ఆ దీపం వాల్వు నిజంగా ఏ స్థితిలో ఉందో చూపేది కాదు, మూసుకోమని ఆదేశం వెళ్లిందని మాత్రమే చూపేది. ఆపరేటర్లు మూసుకుందనే నమ్మారు. మరోపక్క నిమిషాల వ్యవధిలో వందకు పైగా అలారాలు. రెండు గంటలకు పైగా చల్లబరిచే నీరు బయటకు పోతూనే ఉంది. ఆ తర్వాత కంట్రోల్ రూముల రూపకల్పనను పరిశీలించడానికి పిలిచినవాళ్లలో డొనాల్డ్ నార్మన్ ఒకడు. ఇంటర్‌ఫేస్ రూపకల్పన గురించి ఈనాడు మనం మాట్లాడుకునే భాషలో చాలా భాగం ఆయన ఇచ్చిందే.

"రిక్వెస్ట్ పంపాం" అనేదాన్ని "చెల్లింపు పూర్తయింది" అని చూపడం అదే రకం తప్పు. మూడో స్థితికి విడిగా ఒక తెర గీయండి. దాని మీద మాటలు ఇలా ఉండొచ్చు:

"మీ బ్యాంకు నుంచి జవాబు ఇంకా రాలేదు. మీ దరఖాస్తు భద్రంగా ఉంది. ఇప్పుడు మళ్లీ కట్టకండి. ఖాతాలోంచి డబ్బు తగ్గి మాకు చేరకపోతే, అది మీ ఖాతాకే తిరిగి వస్తుంది. మేము బ్యాంకును అడుగుతూనే ఉంటాం. ఫలితం మీ నంబరుకు ఎస్ఎంఎస్‌గా వస్తుంది. ఈ పేజీ మూసేయవచ్చు."

దీనికింద దరఖాస్తు నంబరు, లావాదేవీ నంబరు, మొత్తం, సమయం పెద్ద అక్షరాల్లో ఉండాలి. తిరిగి రావడానికి గడువు కూడా చెప్పండి. రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, యూపీఐలో వ్యాపారికి చేసిన చెల్లింపులో ఖాతా నుంచి డబ్బు పోయి అవతల ధ్రువీకరణ అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా దానంతటదే తిరిగి జమ కావాలి. మనిషి నుంచి మనిషికి పంపినదైతే 1 రోజు. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం. ఈ ఒక్క వాక్యం తెర మీద ఉంటే ఎంతమంది ఆ రాత్రి నిద్రపోగలరో ఆలోచించండి.

తెర వెనక రెండు పనులు చేయాలి. ఒకే దరఖాస్తు నంబరుకు రెండు చెల్లింపులు వస్తే రెండోదాన్ని సర్వరే ఆపాలి, లేదా వెంటనే వెనక్కి పంపాలి. గడువులోపు మొదలైన చెల్లింపు గడువు దాటాక ఖరారైనా లెక్కలోకి తీసుకోవాలి, ఆ సంగతి పేజీ మీద రాసి ఉండాలి. రెండోది ప్రోగ్రామర్ ఒక్కడు తేల్చేది కాదు, నిర్వహించే సంస్థతో కూర్చుని మాట్లాడాలి. ఎంత మంచి బొమ్మలు గీసినా ఆ నిర్ణయానికి సాటిరావు.

5. తప్పు జరిగితే నిందించకుండా దారి చూపండి

పేరు గడి దగ్గర మొదలుపెడదాం. "ఫస్ట్ నేమ్", "లాస్ట్ నేమ్", రెండూ తప్పనిసరి. మన పేర్లలో ఇంటిపేరు ముందొస్తుంది, కొందరు పొడి అక్షరంగానే రాస్తారు, ఆధార్‌లో ఒకలా, పదో తరగతి మెమోలో ఒకలా, పాన్ కార్డులో ఇంకోలా ఉంటుంది. ఇక్కడ పిల్లలు ఆగిపోతారు. ఏ పేరు ఎక్కడ రాయాలో తెలియక కాదు, తప్పు రాస్తే హాల్ టికెట్ దగ్గర ఏమవుతుందోనన్న భయంతో. దీనికి మందు చాలా చవక. ఒకే గడి పెట్టండి, పైన ఇలా రాయండి: "పదో తరగతి మెమోలో ఉన్నట్టే మొత్తం పేరు రాయండి. ఆధార్‌లో పేరు వేరుగా ఉన్నా ఇక్కడ ఇబ్బంది లేదు." రెండో వాక్యం నిజమైతేనే రాయాలి. నిజం కాకపోతే ఏం చేయాలో అక్కడే చెప్పాలి.

పుట్టినతేదీకి క్యాలెండర్ పెట్టకండి. పద్దెనిమిదేళ్లు వెనక్కి నెలనెలా నొక్కుకుంటూ పోవడం శిక్ష. రోజు, నెల, సంవత్సరం టైపు చేసే మూడు గడులు చాలు.

ఇక ఫోటో. "సైజు 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలి" అన్న ఒక్క నిబంధన మీద ఎన్ని నెట్ సెంటర్లు బతుకుతున్నాయో! ఫోన్‌లో తీసిన ఫోటో ఎంబీల్లో ఉంటుంది. దాన్ని కేబీల్లోకి తేవడం దరఖాస్తుదారుకు రావాల్సిన విద్య కాదు. ఎంచుకున్న ఫోటోను అక్కడికక్కడే కత్తిరించి, కుదించి పంపే పని బ్రౌజరే చేయగలదు, కొద్ది లైన్ల కోడ్ చాలు. ముఖం ఎక్కడ ఉండాలో గీత గీసి చూపించండి, ఎక్కాక ఎలా పడిందో చూపించండి, నచ్చకపోతే మళ్లీ తీసుకోనివ్వండి. మొత్తం ఫారంలో ఒకే ఒక్క మార్పు చేసే అవకాశం ఉంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

ఎర్రర్ మెసేజ్ గురించి కొన్ని నియమాలు. అది తప్పు జరిగిన గడి పక్కనే ఉండాలి, పేజీ పైన ఎర్ర పట్టీలో కాదు. ఎరుపు రంగుతో పాటు మాట, గుర్తు కూడా ఉండాలి, రంగులు తేడా తెలియనివాళ్లు ఉంటారు. గడి నింపుతుండగానే "తప్పు" అని అరవకూడదు, గడి వదిలాక చెప్పాలి. "ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్" లాంటి మాట ఎవరికీ దేనికీ పనికిరాదు. "ఫోన్ నంబరులో 9 అంకెలే ఉన్నాయి, ఇంకొకటి కావాలి" అంటే పని అయిపోతుంది. ఫోన్ నంబరు మధ్యలో ఖాళీలుంటే, ముందు ప్లస్ 91 ఉంటే, సర్వరే తీసేసుకోవాలి. అన్నింటికంటే ముఖ్యం, ఒక గడి తప్పయితే మిగతా గడులు ఖాళీ అవకూడదు. అరగంట శ్రమ ఒక్క క్లిక్‌తో మాయమైన మనిషికి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు చేతులు వణుకుతాయి, వణికే చేతులు ఇంకా తప్పులు చేస్తాయి.

6. గడియారాన్ని అదుపులో పెట్టండి

"సెషన్ ఎక్స్‌పైర్డ్." భద్రత కోసం సెషన్‌కు, అంటే లాగిన్ అయి ఉండే సమయానికి, గడువు అవసరమే. కానీ గడువు ముగిసేముందు హెచ్చరించాలి. వెబ్ అందుబాటు ప్రమాణాల్లో ఉన్న దారుల్లో ఒకటి: ముందుగా చెప్పి, కనీసం 20 సెకన్లు ఇచ్చి, ఒక్క నొక్కుతో పొడిగించుకోనివ్వడం, అలా కనీసం పదిసార్లు. దానికి తోడు ప్రతి గడి నింపగానే డ్రాఫ్టుగా దాచేయండి. అప్పుడు సెషన్ పోయినా మళ్లీ లాగిన్ అయితే చాలు, భయం ఉండదు.

ఓటీపీ దగ్గర చవక ఫోన్ల కష్టం గమనించండి. మెసేజ్ చూడ్డానికి బయటికెళ్లి తిరిగొచ్చేసరికి, మెమరీ తక్కువ కాబట్టి బ్రౌజర్ పేజీని మళ్లీ లోడ్ చేస్తుంది, ఓటీపీ గడి మాయమవుతుంది. ఓటీపీ దానంతటదే గడిలో పడే ఏర్పాటు పెట్టండి. పేజీ రీలోడ్ అయినా అదే మెట్టు దగ్గర నిలబడేలా చేయండి. అతికించడాన్ని అడ్డుకోకండి.

కొన్నిచోట్ల గడియారం నిజమైనది, తప్పించలేం. రైల్వే తత్కాల్ ఏసీ తరగతులకు ఉదయం 10కి, మిగతావాటికి 11కి తెరుచుకుంటుంది, బెర్తులు కొన్నే. ఇలాంటప్పుడు చేయాల్సింది, పనిని గడియారం ముందుకు జరపడం. ప్రయాణికుల వివరాలు ముందే నమోదు చేసి ఉంచుకునే మాస్టర్ లిస్టు సౌకర్యం ఆ పని చేస్తుంది, పది గంటలకు ఆ వివరాలు టైపు చేసే పని మిగలదు. మీ పేజీలో కూడా గడువు ముంచుకొచ్చే ఘట్టం ఉంటే, అందులోంచి టైపు చేసే పని మొత్తం ముందుకు తోయండి.

మరికొన్ని గడియారాలు అబద్ధాలు. "ఇంకా 4 నిమిషాలే!", "ఇప్పుడు 37 మంది చూస్తున్నారు!" అని లేని తొందర పెట్టడం. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు జారీ చేసి, 13 రకాల మోసపు రూపకల్పనలను నిషేధించింది. లేని తొందర పెట్టడం వాటిలో మొదటిది. అడక్కుండా బుట్టలో వస్తువు వేయడం, వద్దంటే సిగ్గుపడేలా మాటలు పెట్టడం, చేరడం తేలిక చేసి బయటపడటం కష్టం చేయడం కూడా ఉన్నాయి. మీ టీములో ఎవరైనా ఇలాంటివి అడిగితే, అమ్మకాలు పెరుగుతాయన్న వాదన వినకుండా వద్దని చెప్పండి. జనం మీద భయం ప్రయోగించి సంపాదించే హక్కు ఎవరికీ లేదు.

7. వెనక్కి వచ్చే దారి ఉంచండి

"ఆర్ యూ ష్యూర్?" అని ప్రతిదానికీ అడిగితే, జనం చదవకుండా ఎస్ నొక్కడం అలవాటు చేసుకుంటారు. జీమెయిల్‌లో పంపిన మెయిల్‌ను 30 సెకన్ల దాకా వెనక్కి తీసుకోగలిగే ఏర్పాటు దానికంటే మేలు. చేసేశాక దిద్దుకోవచ్చని తెలిస్తే వేలు గాల్లో ఆగదు.

దిద్దుకోలేని పనులూ ఉంటాయి. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు ఫ్రీజ్ చేసే ఘట్టం గుర్తుచేసుకోండి. కాలేజీలు, బ్రాంచీలు కలిపి పొడుగాటి జాబితా, ఏ వరసలో పెట్టారన్నదే నాలుగేళ్ల చదువును తేలుస్తుంది. ఇలాంటిచోట, చివరి నొక్కుకు ముందు మొత్తం జాబితాను కోడ్‌లతో కాకుండా కాలేజీ పూర్తి పేరు, ఊరు, బ్రాంచితో ఒకే పేజీలో చూపాలి. ప్రింటు తీసుకుని ఇంట్లో మాట్లాడుకుని రావడానికి వీలుండాలి. ఎప్పటిదాకా మార్చుకోవచ్చో తేదీ, గంటతో సహా బటన్ పక్కనే ఉండాలి. ఫ్రీజ్ బటన్, సేవ్ బటన్ పక్కపక్కన ఒకే రంగులో అస్సలు ఉండకూడదు.

8. అంతరాయాలు తగ్గించండి

ఈ మెట్టు రోజంతా వాడే ఆఫీసు సాఫ్ట్‌వేర్లకు. గ్లోరియా మార్క్ బృందం 2008లో ప్రచురించిన ప్రయోగంలో, మధ్యమధ్యలో ఆటంకం కలిగినవాళ్లు పని ఇంకా త్వరగానే ముగించారు, నాణ్యత కూడా తగ్గలేదు. కానీ ఒత్తిడి, చిరాకు, టైము తరుముతోందన్న భావన ఎక్కువయ్యాయి. అంటే పని లెక్కలు చూసే మేనేజరుకు నష్టం కనబడదు, మనిషి లోపల కరుగుతూ ఉంటాడు. అదే బృందం 2012లో 13 మంది ఉద్యోగులకు 5 రోజులు ఈమెయిల్ ఆపేసి గుండె స్పందనలు కొలిచింది. ఈమెయిల్ ఉన్నప్పుడు గంటకు సగటున 37 సార్లు విండోలు మారినవాళ్లు, లేనప్పుడు 18 సార్లే మారారు, గుండె స్పందన కూడా సహజ స్థితికి దగ్గరగా వచ్చింది.

అందుకే ప్రతి నోటిఫికేషన్‌కూ ఒక ప్రశ్న వేయండి: ఇది ఇప్పుడే తెలియకపోతే ఎవరికైనా నష్టమా? కాదంటే రోజుకు రెండు మూడుసార్లు కట్టగా పంపండి. ఆండ్రాయిడ్‌లో 2017 నుంచి నోటిఫికేషన్లను రకాలుగా విడదీసే సౌకర్యం ఉంది. ఫీజు గడువు ఒక రకం, ప్రచారం ఇంకో రకం. అన్నీ ఒకే గంపలో వేసి పంపితే జనం మొత్తం ఆపేస్తారు, అవసరమైనది కూడా పోతుంది.

ఆసుపత్రుల్లో ఇది ప్రాణాల మీదికొస్తుంది. రోగుల రికార్డుల సాఫ్ట్‌వేర్ పదేపదే హెచ్చరికలు చూపితే డాక్టర్లు చదవకుండా మూసేస్తారు. అమెరికా డాక్టర్లతో చేసిన ఒక సర్వే 2019లో వెలువడింది. అక్కడి రికార్డుల సాఫ్ట్‌వేర్‌కు వాడకపు సౌలభ్యంలో 100కి సగటున 45.9 వచ్చింది. ఆ కొలమానంలో మామూలు సగటు 68. తక్కువ మార్కు వేసిన డాక్టర్లలోనే వృత్తి అలసట ఎక్కువగా కనబడింది.

9. తెలుగు తెరను తెలుగు కోసమే గీయండి

ఇంగ్లిష్ కోసం గీసిన డబ్బాలో తెలుగు పోస్తే పైన గుడులు, కింద వత్తులు తెగుతాయి. వరసల మధ్య ఎడం అక్షరం ఎత్తుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉంచండి, బటన్ వెడల్పు మాటను బట్టి సాగనివ్వండి. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి ఫాంట్లు చిన్న తెర మీద కూడా బాగా చదవవస్తాయి. సగం తెలుగు, సగం ఇంగ్లిష్‌గా వదిలేయకండి, ముఖ్యంగా ఎర్రర్లు. మామూలు పేజీ తెలుగులో సాగి, సరిగ్గా భయపడే ఘట్టంలో ఇంగ్లిష్‌లోకి మారితే ఆ అనువాదం ఎవరికోసం? 2021 మే 1న 18 నుంచి 44 ఏళ్లవాళ్లకు కొవిడ్ టీకాలు తెరిచినప్పుడు కోవిన్‌లో నమోదు ఇంగ్లిష్‌లోనే. తెలుగుతో సహా ప్రాంతీయ భాషలు వచ్చేసరికి జూన్ అయింది. స్లాట్లు క్షణాల్లో అయిపోయిన ఆ నెలే జనానికి ఆ భాష అత్యవసరమైన నెల.

10. మళ్లీ కొలవండి

మార్పులన్నీ ఒకేసారి చేయకండి, ఏది పనిచేసిందో తెలియదు. రెండో మెట్టులో పిలిచినలాంటి మనుషులనే, కొత్తవాళ్లను, అదే పనికి కూర్చోబెట్టి అదే ఆరు ప్రశ్నలు అడగండి. సర్వర్ లాగ్‌లలో (వాడకపు రికార్డుల్లో), హెల్ప్‌లైన్ రికార్డుల్లో కలిపి నాలుగు చూడండి: ఏ గడి దగ్గర వదిలేసి పోతున్నారు, ఒకే బటన్ వరసగా ఎన్నిసార్లు, ఒకే దరఖాస్తుకు ఎన్ని చెల్లింపు ప్రయత్నాలు, హెల్ప్‌లైన్‌కు ఏ ప్రశ్నతో ఫోన్లు. చివరి తేదీనాటి అంకెలను విడిగా తీయండి. మామూలు రోజుల సగటులో ఆ రోజు కష్టం కనబడకుండా పోతుంది.

11. మార్చే అధికారం మీకు లేకపోతే

దరఖాస్తులైతే, ఫోటో, సంతకం అడిగే సైజుల్లో ముందే చేసి ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో ఉంచుకోండి. వివరాలన్నీ నోట్స్‌లో టైపు చేసి పెట్టుకుంటే పేజీ పోయినా అతికించుకోవచ్చు. చెల్లింపు మధ్యలో ఆగితే వెంటనే మళ్లీ కట్టకండి. బ్యాంకు మెసేజ్, యూపీఐ యాప్‌లోని లావాదేవీ నంబరు స్క్రీన్‌షాట్ తీసి, కాసేపాగి దరఖాస్తు స్థితి చూడండి.

ఆఫీసులో, మెయిల్‌కు రోజులో వేళలు పెట్టుకోండి. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు 124 మందితో చేసి 2015లో ప్రచురించిన ప్రయోగంలో, రోజుకు మూడుసార్లే మెయిల్ చూసిన వారంలో ఒత్తిడి తక్కువగా నమోదైంది. పైఅధికారి ఒప్పుకోకపోతే, కనీసం కొత్త మెయిల్ వచ్చినప్పుడు మూలన ఎగిరే డబ్బాను ఆపేయండి. వాట్సాప్‌లో నీలం టిక్కులు ఆపుకునే వీలుంది, చూసిన వెంటనే జవాబివ్వాలన్న ఒత్తిడి దాంతో సగం తగ్గుతుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి యాప్‌లు నోటిఫికేషన్లకు అనుమతి అడుగుతాయి. అలవాటుగా అలౌ నొక్కకుండా, బ్యాంకు, ఇంట్లోవాళ్లు, పని, వీటికి మాత్రమే ఇవ్వండి.

యాప్ లేని తొందర పెట్టినా, బుట్టలో అడగనిది వేసినా, సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసుకోనివ్వకపోయినా, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. ఆ తెర కనబడినప్పుడే స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి, తర్వాత వెతికితే అది అక్కడ ఉండకపోవచ్చు.